సౌందర్య యాత్రికుడు సంజీవదేవ్

చిత్రకళను జీవనోపాధిగా స్వీకరించినవారు కొందరు. దానిని జీవన విధానంగా మలచుకొన్నవారు మరికొందరు. మొదటి వర్గం వారికి గురువు ఉంటాడు, శిక్షణ ఉంటుంది, వేసిన చిత్రాన్ని కొనేవారు ఉంటారు. రెండవ వర్గం వారికి ఇవేవీ ఉండకపోవచ్చు. కంటికి కనిపించిన అందాన్ని కాగితం మీద నిలుపుకోవాలనే తపన ఒక్కటే వారి చేత కుంచె పట్టిస్తుంది. ఈ రెండవ వర్గానికి చెందిన తెలుగువారిలో సంజీవదేవ్ ముఖ్యులు. ఆయన ఏ చిత్రకళాశాలలోనూ విద్యార్థి కాలేదు. విశ్వవిద్యాలయ పట్టాలను ఆశించలేదు. యౌవనంలో హిమాలయాల దాకా వెళ్లిన ఆ అన్వేషి, తిరిగి వచ్చి తెనాలి సమీపంలోని తన స్వగ్రామంలోనే స్థిరపడ్డారు. అక్కడే చిత్రాలు వేశారు, కళాతత్త్వాన్ని గురించి గ్రంథాలు రాశారు, వేలాది లేఖలతో దేశమంతటా మిత్రులను సంపాదించుకొన్నారు. చిత్రకారుడు, కళావిమర్శకుడు, తాత్త్వికుడు, లేఖా రచయిత అనే నాలుగు పేర్లూ ఆయనకు సమానంగా వర్తిస్తాయి.

కృష్ణా కాలువల సీమ

తెనాలి ప్రాంతపు పల్లెలకు కృష్ణానది పడమటి కాలువ ప్రాణాధారం. 1855లో బెజవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయింది. ఆనాటి నుంచి ఈ ప్రాంతపు నల్లరేగడి నేలలకు కాలువ నీరు అందుతూ వచ్చింది. వరిచేలు, పసుపు తోటలు, అరటి తోటలు, కాలువ గట్ల మీద తాటిచెట్లు, గట్టు వెంట మేసే గేదెలు, వాటి వీపుల మీద వాలే కొంగలు ఈ సీమకు సహజమైన దృశ్యాలు. తెనాలి చెంతనే ఉన్న నందివెలుగు అనే ఊరి పేరులో ఒక ప్రాణీ ఒక కాంతీ కలిసి ఉన్నాయి. పైరుకు ఆధారమైన ఎద్దును దైవ వాహనంగా భావించి, ఆ రూపానికి వెలుగును జోడించి ఊరికి పేరు పెట్టుకొన్న జనుల భావనాశక్తి ఎంత రమ్యమైనదో ఆ పేరే చెబుతుంది. ఇటువంటి పల్లెల నడుమ, పసుపు విపణికి పేరొందిన దుగ్గిరాలకు చేరువలో తుమ్మపూడి గ్రామం ఉంది.

ఆ తుమ్మపూడిలో, సూర్యదేవర వారి వ్యవసాయ కుటుంబంలో, 1914 జూలై 3వ తేదీన సంజీవదేవ్ జన్మించారు. ఆయన పుట్టిన కాలానికి తెనాలి ప్రాంతం కేవలం పంటల సీమగా మాత్రమే మిగిలిపోలేదు. ఆలోచనలకూ అక్షరాలకూ కూడా నిలయంగా మారుతూ ఉండేది. త్రిపురనేని రామస్వామి చౌదరి తెనాలిలో సూతాశ్రమాన్ని నెలకొల్పుకొని హేతువాద దృష్టితో రచనలు చేశారు. 1908లో జన్మించిన చక్రపాణి వంగ భాష నేర్చుకొని శరత్ చంద్రుని నవలలను తెలుగు పాఠకులకు అందించారు. 1909లో తెనాలిలో జన్మించిన కొడవటిగంటి కుటుంబరావు తెలుగు కథకు కొత్త చూపును ఇచ్చారు. వంగదేశపు సాహిత్యం వలెనే వంగదేశపు చిత్రకళ కూడా ఆ తరం తెలుగు యువకులను ఆకర్షించింది. ఈ వాతావరణంలో పెరిగిన బాలుడు పల్లెలో ఉంటూనే పెద్ద లోకాన్ని గురించి కలలు కనడం సహజమే.

పత్రికలే ప్రదర్శనశాలలు

నేడు ఒక చిత్రాన్ని చూడదలచిన విద్యార్థికి అనేక సాధనాలు అందుబాటులో ఉన్నాయి. సంజీవదేవ్ బాల్యంలో పరిస్థితి వేరు. చిత్రప్రదర్శనలు మద్రాసు, కలకత్తా, బొంబాయి వంటి మహానగరాలకే పరిమితమై ఉండేవి. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు 1920లలో చిత్రకళా పాఠశాల స్థాపించి ఆంధ్రుల చిత్రకళకు జీవం పోశారు. అయితే మశూచి సోకడంతో 1925లో, ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకముందే ఆయన మరణించారు. పల్లెవాసులకు చిత్రకళను పరిచయం చేసే భారం చాలావరకు పత్రికల మీద పడింది. కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో ప్రారంభించిన భారతి మాసపత్రిక సాహిత్యంతో పాటు చిత్రాలను కూడా ప్రచురించేది. కలకత్తా నుంచి రామానంద చటర్జీ నడిపిన మోడరన్ రివ్యూ పత్రికలో అవనీంద్రనాథ్ ఠాగూర్, నందలాల్ బోస్ మొదలైన వారి చిత్రాలు రంగులలో వెలువడేవి. ఆ రంగుల పుటలే ఆనాటి గ్రామీణ యువకులకు ప్రదర్శనశాలలు.

ఇందులో ఒక విచిత్రం కూడా ఉంది. నాటి గుంటూరు జిల్లాలోనే, కృష్ణాతీరాన, అమరావతి స్తూపం ఉంది. రెండువేల సంవత్సరాల నాటి ఆంధ్ర శిల్పుల ప్రతిభకు అది తార్కాణం. కానీ ఆ స్తూపపు శిల్పఫలకాలలో అత్యధిక భాగం పంతొమ్మిదవ శతాబ్దంలోనే మద్రాసు మ్యూజియానికీ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికీ తరలిపోయింది. తన జిల్లాలో పుట్టిన కళను చూడడానికి గుంటూరు జిల్లావాసి మద్రాసుకో, సముద్రాలు దాటి లండన్‌కో పోవలసిన స్థితి ఏర్పడింది. కళను అన్వేషించేవాడు యాత్రికుడు కాక తప్పని కాలమది.

సంజీవదేవ్ పాఠశాల చదువు కన్న స్వయంకృషినే ఎక్కువగా నమ్ముకొన్నారు. తెలుగుతో పాటు ఇంగ్లీషు, హిందీ, వంగ భాషలను నేర్చుకొని, ఆయా భాషలలోని గ్రంథాలను మూలంలోనే చదివారు. పరీక్షల కోసం కాక తెలుసుకోవాలనే కోరికతో చదివిన చదువు కాబట్టి అది ఆయనను జీవితాంతం విడిచిపెట్టలేదు. సాహిత్యం, తత్త్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, చిత్రకళ వేర్వేరు గదులు కావనీ, ఒకే ఇంటి కిటికీలనీ ఆయన రచనలు చదివినవారికి స్ఫురిస్తుంది.

హిమాలయాల పిలుపు

యౌవనారంభంలో సంజీవదేవ్ ఇల్లు విడిచి ఉత్తర భారతానికి ప్రయాణమయ్యారు. ఆయన గమ్యం హిమాలయాలు. మోక్షాన్ని కోరి హిమాలయాలకు వెళ్లినవారు మన దేశంలో అనేకులు. సంజీవదేవ్ అక్కడ సౌందర్యాన్ని కూడా వెదికారు. ఆశ్రమవాసులతో, పండితులతో, చిత్రకారులతో పరిచయాలు పెంచుకొన్నారు. మహాయాత్రికుడైన రాహుల్ సాంకృత్యాయన్ వంటి వారి స్నేహం ఆయనకు లభించింది.

సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో, ఎటు చూసినా సమతలంగా కనిపించే కృష్ణా డెల్టాలో పెరిగినవారికి హిమాలయ దర్శనం ఒక కొత్త జన్మ వంటిది. డెల్టాలో ఆకాశం విశాలమైనది. భూమి దాని కింద పరచిన చాప వంటిది. పర్వతాలలో భూమి నిలువుగా లేచి ఆకాశంలో సగాన్ని ఆక్రమిస్తుంది. ఎత్తయిన ప్రదేశాలలో గాలి పలుచగా, ధూళి లేకుండా ఉంటుంది. అందువల్ల దూరపు శిఖరాల అంచులు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. మంచుకు తనదైన రంగు లేదు. ఉదయం అది గులాబీ వన్నెను, మధ్యాహ్నం కళ్లు మిరుమిట్లు గొలిపే తెలుపును, సాయంకాలం బంగారు ఛాయను ధరిస్తుంది. మంచు మీద పడిన నీడలు నల్లగా ఉండవు. ఆకాశపు నీలిమను ప్రతిఫలిస్తూ నీలంగా ఉంటాయి. తెలుపు అంటే తెలుపే, నీడ అంటే నలుపే అనుకొన్న కన్ను అక్కడ తన పాఠాన్ని మొదటి నుంచి నేర్చుకోవలసి వస్తుంది. చిత్రకళను ఏ పాఠశాలలోనూ చదువని సంజీవదేవ్‌కు హిమాలయమే పాఠశాల అయింది.

నగ్గర్‌లో రోరిక్ సాన్నిధ్యం

ఆ యాత్రలలో సంజీవదేవ్‌కు దొరికిన అపూర్వమైన పరిచయం నికొలస్ రోరిక్‌ది. రోరిక్ 1874లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో జన్మించారు. చిత్రకారుడుగా, పురావస్తు పరిశోధకుడుగా, రంగస్థల అలంకరణ నిపుణుడుగా పేరు పొందారు. 1923లో భారతదేశానికి వచ్చి, 1925 నుంచి 1928 వరకు మధ్య ఆసియాలోని ఎడారులను, పర్వతాలను కుటుంబంతో సహా పర్యటించారు. ఆ మహాయాత్ర ముగిసిన తరువాత కులూ లోయలోని నగ్గర్‌లో స్థిరనివాసం ఏర్పరచుకొన్నారు. అక్కడ ఉరుస్వతి అనే హిమాలయ పరిశోధన సంస్థను నెలకొల్పారు. ఆయన పెద్ద కుమారుడు జార్జి టిబెట్ భాషా సంస్కృతులలో పండితుడు. చిన్న కుమారుడు స్వెతోస్లావ్ చిత్రకారుడు. విశాఖపట్టణ ప్రాంతంలో జన్మించిన సుప్రసిద్ధ సినీనటి దేవికారాణిని ఆయన తరువాతి కాలంలో వివాహమాడారు.

ఆ రోజులలో ఆంధ్రదేశం నుంచి కులూ చేరడం సులభసాధ్యం కాదు. పంజాబు దాకా రైలులో పోయి, అక్కడి నుంచి చిన్న రైలు మార్గంలో జోగిందర్‌నగర్ చేరి, తరువాత మండీ మీదుగా కొండదారిలో ప్రయాణించవలసి ఉండేది. బియాస్ నది ఎడమ గట్టున, సుమారు 1800 మీటర్ల ఎత్తున, దేవదారు వృక్షాల నడుమ నగ్గర్ ఉంది. అక్కడ ఈ తెలుగు యువకుడు రోరిక్ కుటుంబానికి అతిథిగా ఉన్నారు. ఒకవైపు ప్రపంచఖ్యాతి గడించిన కళాకారుడు. మరొకవైపు పట్టా గాని పేరు గాని లేని పల్లెటూరి యువకుడు. వారి మధ్య వయస్సులో నలభై ఏళ్ల అంతరం ఉంది. దేశం వేరు, భాష వేరు. అయినా అందం పట్ల ఉన్న ఆరాధన వారిని సన్నిహితులను చేసింది.

రోరిక్ వేలాది చిత్రాలు వేశారు. వాటిలో అనేకం హిమాలయాలకు సంబంధించినవే. ఆయన ఎక్కువగా టెంపెరా పద్ధతిని అనుసరించారు. నూనె రంగులకు ఉండే మెరుపు దానికి ఉండదు. రంగు నిండుగా, శాంతంగా, మృదువుగా కనిపిస్తుంది. ప్రతి రాయినీ ప్రతి చెట్టునూ చిత్రించే వివరాల మోజు ఆయనకు లేదు. కొండను కొన్ని పెద్ద పెద్ద రూపాలుగా విభజించి, ఒక్కొక్క రూపానికి ఒక్కొక్క వన్నె ఇచ్చేవారు. ఆ విశాల పర్వతాల పాదాల వద్ద ఒక చిన్న మనిషి గాని, ఒక గుర్రం గాని, ఒక జడలబర్రె గాని కొన్ని చిత్రాలలో కనిపిస్తుంది. ఆ చిన్న ప్రాణిని చూసినప్పుడే పర్వతం ఎంత గొప్పదో మనకు బోధపడుతుంది. అనవసరమైన దానిని విడిచిపెట్టడం కూడా చిత్రకళలో ఒక భాగమేనన్న సత్యం రోరిక్ చిత్రాలలో స్పష్టమవుతుంది.

రోరిక్ కేవలం చిత్రకారుడు కాదు. యుద్ధకాలంలో ఆలయాలు, గ్రంథాలయాలు, మ్యూజియాలు ధ్వంసం కాకుండా కాపాడాలని ఆయన ఉద్యమించారు. ఆ కృషి ఫలితంగా 1935 ఏప్రిల్ 15న వాషింగ్టన్‌లో అనేక అమెరికా ఖండ దేశాలు ఒక ఒడంబడికపై సంతకాలు చేశాయి. అదే రోరిక్ ఒడంబడికగా ప్రసిద్ధి కెక్కింది. కళ విలాసం కాదు, మానవజాతి రక్షించుకోవలసిన సంపద అనే విశ్వాసం ఆ ఇంట నిత్యం ఊపిరిగా ఉండేది. 1947 డిసెంబరులో రోరిక్ నగ్గర్‌లోనే కన్నుమూశారు.

హల్దార్ మైత్రి

సంజీవదేవ్‌ను ప్రభావితం చేసిన మరొక చిత్రకారుడు అసిత్ కుమార్ హల్దార్. ఆయన అవనీంద్రనాథ్ ఠాగూర్ శిష్యులు. 1925 నుంచి రెండు దశాబ్దాల పాటు లక్నోలోని ప్రభుత్వ చిత్రకళాశాలకు అధ్యక్షులు. 1909, 1911 సంవత్సరాల మధ్య లేడీ హెరింగ్‌హామ్ నాయకత్వంలో అజంతా కుడ్యచిత్రాల ప్రతికృతులు తయారైనప్పుడు నందలాల్ బోస్‌తో పాటు హల్దార్ కూడా ఆ పనిలో పాలుపంచుకొన్నారు. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అహ్మద్ కూడా ఆ బృందంలో ఉన్నారు. చీకటి గుహలలో గంటల తరబడి నిలబడి పూర్వుల రేఖలను అనుసరించిన ఆ యువ చిత్రకారుల అనుభవం ఆధునిక భారతీయ చిత్రకళకు పునాది అయింది.

వంగ చిత్రకారులు అభిమానించిన పద్ధతిని వాష్ పద్ధతి అంటారు. కాగితం మీద నీటిరంగు వేసి, అది ఆరిన తరువాత కాగితాన్ని నీటితో తడుపుతారు. అదనపు రంగు నీటిలో పోతుంది. మిగిలినది కాగితపు పోగులలో ఇంకిపోతుంది. ఆపై మరల రంగు వేసి మరల తడుపుతారు. ఇట్లా పొరపొరలుగా వేసిన రంగు చివరకు ఉదయపు మంచులో చూసిన దృశ్యం వలె కనిపిస్తుంది. రోరిక్ చిత్రాలలో రంగు శిఖరం వలె నిలబడితే, వంగ చిత్రాలలో రంగు మేఘం వలె కరుగుతుంది. పరస్పర భిన్నమైన ఈ రెండు మార్గాలనూ సమీపం నుంచి చూసే భాగ్యం సంజీవదేవ్‌కు కలిగింది. ఆయన ఏ ఒక్క మార్గానికీ బందీ కాలేదు. రెండింటినీ ప్రేమించడం నేర్చుకొన్నారు. ఈ ఇద్దరు మహనీయుల చిత్రాలూ అలహాబాదు మ్యూజియంలో చోటు చేసుకోవడం విశేషం.

మూగజీవుల కళ

భారతీయ కళను పరిశీలించేవారికి మొదట కనిపించే విశేషాలలో ఒకటి, అందులో జంతువులకు లభించిన గౌరవం. అజంతాలోని పదవ, పదిహేడవ గుహలలో ఛద్దంత జాతక కథ చిత్రితమై ఉంది. ఆరు దంతాల గజరాజు తన దంతాలను కోరి వచ్చిన వేటగానికి వాటిని తానే అర్పించిన త్యాగగాథ అది. అమరావతి స్తూపానికి చెందిన ఒక వృత్తాకార ఫలకం నేటికీ చెన్నై మ్యూజియంలో ఉంది. అందులో నాళాగిరి అనే మదగజం ఒకే ఫలకంలో రెండుసార్లు కనిపిస్తుంది. మొదట రాజవీథిలో జనులను తొండంతో చుట్టి విసురుతూ. పిమ్మట బుద్ధుని పాదాల చెంత మోకరిల్లుతూ. వీథిలోని జనుల భయం, మేడల మీది స్త్రీల ఆందోళన, చివరకు నెలకొన్న ప్రశాంతి అన్నీ ఆ ఒక్క రాతి చక్రంలో ఇమిడి ఉన్నాయి. క్రోధాన్నీ శాంతినీ మానవ ముఖంలో చూపడం కన్న ఏనుగు మేనిలో చూపడం కష్టం. ఆ కష్టాన్ని కృష్ణాతీరపు శిల్పి సునాయాసంగా దాటగలిగాడు. లేపాక్షిలోని ఏకశిలా నంది కూడా ఇటువంటి ప్రతిభకే నిదర్శనం.

జంతువును చిత్రించాలంటే మొదట దానిని ఓర్పుతో చూడాలి. అది చిత్రకారుని కోసం కదలకుండా కూర్చోదు. గడ్డి పరక కోసం వంగిన మెడ, ఈగను తోలుకొనే తోక, బరువు లాగేటప్పుడు బిగిసే మూపురం క్షణకాలం కనిపించి మారిపోతాయి. అందువల్ల కన్ను చురుకుగా, మనసు నిశ్చలంగా ఉండాలి. ప్రాణికోటి పట్ల కరుణ లేనివానికి ఆ నిశ్చలత అలవడదు. సౌందర్యదృష్టికీ దయకూ ఉన్న ఈ సంబంధాన్ని మన ప్రాచీన శిల్పులు గుర్తించారు. పశువులతో కలిసి బ్రతికే వ్యవసాయ కుటుంబంలో పుట్టిన సంజీవదేవ్ వంటి కళాజిజ్ఞాసువుకు ఈ వారసత్వం పరాయిది కాదు.

తిరిగి తుమ్మపూడికి

హిమాలయాలను చూసి, మహాకళాకారుల స్నేహాన్ని పొందిన సంజీవదేవ్ ఏ నగరంలోనైనా స్థిరపడి ఉండవచ్చు. ఆయన తుమ్మపూడికే తిరిగి వచ్చారు. జీవితంలోని అధిక భాగాన్ని ఆ గ్రామంలోనే గడిపారు. పైకి చూడడానికి ఇది సామాన్యమైన విషయం. నిజానికి ఆయన జీవితంలో కఠినమైన పరీక్ష ఇదే. ఆనాటి పల్లెలో చిత్రప్రదర్శనలు లేవు. చిత్రాలను గురించి చర్చించే మిత్రబృందం లేదు. చిత్రాన్ని కొనేవారు లేరు. కాగితం, రంగులు, కుంచెలు కూడా పట్టణం నుంచి తెప్పించుకోవాలి. పొలం పనులు, ఊరి వ్యవహారాలు మనిషి కాలాన్ని ఇట్టే హరించివేస్తాయి. ఎందరో ప్రతిభావంతులు ఇటువంటి పరిస్థితులలో క్రమంగా కుంచెను పక్కన పెట్టి, యౌవనపు ఉత్సాహాన్ని ఒక జ్ఞాపకంగా మిగుల్చుకొన్నారు. సంజీవదేవ్‌కు అట్లా జరుగలేదు.

దీనికి కారణం ఆయన అలవరచుకొన్న దృష్టి. అందం హిమాలయాలలో మాత్రమే ఉన్నదైతే అక్కడి నుంచి దిగి వచ్చిన మరుక్షణమే అది ముగిసిపోవాలి. చూసే శక్తి కలవానికి అది ఎక్కడైనా లభిస్తుంది. శిఖరాల మీద రంగులు మారడాన్ని గమనించిన కన్ను కాలువ నీటి మీద రంగులు మారడాన్ని గమనించకుండా ఉండలేదు. వానకారు మబ్బులు కూడా పర్వతాల వలెనే లేస్తాయి, విరుగుతాయి, ఎర్రబడతాయి. కోతలు ముగిసిన పొలంలో సాయంకాలపు ఎండ కొద్దిసేపు నేలను బంగారంగా మారుస్తుంది. హిమాలయాలు ఆయన చూపుకు శిక్షణ ఇచ్చాయి. తుమ్మపూడి ఆ చూపును నిత్యం పరీక్షించింది.

సంజీవదేవ్ నీటిరంగులతోనూ పేస్టల్ రంగులతోనూ ప్రకృతి దృశ్యాలను చిత్రించారు. నీటిరంగు చిత్రం వేయడానికి ఖర్చు స్వల్పం, కానీ అది కోరే ఏకాగ్రత అధికం. నూనె రంగులలో పొరపాటు జరిగితే దానిపై మరొక పూత వేసి సరిదిద్దవచ్చు. నీటిరంగు పారదర్శకమైనది, కింద పడిన గీత పైకి కనిపిస్తూనే ఉంటుంది. తెలుపు కోసం రంగు వేయనక్కర లేదు, కాగితాన్ని ఖాళీగా విడిచిపెట్టాలి. ఎక్కడ ఆగాలో తెలిసినవానికే అది లొంగుతుంది. పేస్టల్ ఇందుకు భిన్నం. పొడి రంగు కడ్డీతో కాగితం మీద నేరుగా గీసి, వేలితో అద్ది, ఒక రంగును మరొక రంగులోనికి మెల్లగా కలిపివేయవచ్చు. వేగంగా మారిపోయే ఆకాశాన్ని పట్టుకోవడానికి అది అనువైన సాధనం. ఈ రెండు సాధనాలకూ పెద్ద చిత్రశాల అవసరం లేదు. ఒక బల్ల, ఒక కిటికీ, కొంత తీరిక చాలు.

రేఖ నుంచి రచనకు

సంజీవదేవ్ ఖ్యాతికి చిత్రాలు ఎంత కారణమో రచనలు అంతకు మించిన కారణం. తెలుగులో సాహిత్య విమర్శకు సుదీర్ఘ చరిత్ర ఉన్నప్పటికీ, చిత్రకళా విమర్శ రాసినవారు ఆనాటికి చాలా తక్కువ. రేఖ, వర్ణం, లయ, సమతౌల్యం వంటి విషయాలను సామాన్య పాఠకునికి బోధపరచే భాషను దాదాపు కొత్తగా నిర్మించుకోవలసి వచ్చింది. సంజీవదేవ్ ఆ పనిని శ్రద్ధతో నిర్వహించారు. ఆయన కళావ్యాసాలలో రసరేఖలు అనే గ్రంథం పేరు పొందింది. రసం కావ్యశాస్త్రానికి సంబంధించిన మాట. రేఖ చిత్రకళకు సంబంధించిన మాట. ఈ రెండింటి కలయికలోనే ఆయన దృక్పథం ఇమిడి ఉంది. తెలుగులోనే కాక ఇంగ్లీషులోనూ ఆయన వ్యాసాలు రాశారు.

స్వయంగా కుంచె పట్టినవాడు కావడం ఆయన విమర్శకు బలాన్నిచ్చింది. ఒక గీత ఎందుకు వణికిందో, ఒక రంగు ఎందుకు మాసిపోయిందో చేసి చూసినవానికి తెలుస్తుంది. అదే సమయంలో చిత్రాలను అమ్ముకొని జీవించవలసిన అవసరం లేకపోవడం ఆయన అభిప్రాయాలకు స్వేచ్ఛనిచ్చింది. ఎవరితోనూ పోటీ లేనివాడు కనుక ఇతరుల ప్రతిభను మనసారా మెచ్చుకోగలిగారు.

తెగిన జ్ఞాపకాలు, స్మృతి బింబాలు, గతంలోకి అనే మూడు భాగాలుగా ఆయన తన జీవితకథను రాసుకొన్నారు. తరువాతి కాలంలో ఆ మూడు భాగాలూ తుమ్మపూడి అనే పేరుతో ఒకే గ్రంథంగా వెలువడ్డాయి. హిమాలయాల దాకా వెళ్లిన మనిషి జీవితకథకు ఆయన పుట్టిన ఊరి పేరే శీర్షిక కావడం ఎంతో సముచితం.

లేఖలే వారధులు

పల్లెలో ఉన్న సంజీవదేవ్‌ను లోకంతో కలిపిన సాధనం ఉత్తరం. దూరవాణి సౌకర్యం అరుదుగా ఉన్న ఆ రోజులలో గ్రామంలోని తపాలా వ్యవస్థే ఆయనకు దేశదేశాల ద్వారాలు తెరిచింది. కవులు, చిత్రకారులు, తాత్త్వికులు మాత్రమే కాదు, ఇంకా పేరు రాని యువకులు కూడా ఆయనకు ఉత్తరాలు రాసేవారు. ఆయన అందరికీ జవాబు రాసేవారు. కుశల ప్రశ్నలతో ఆగిపోకుండా ఆ రోజు చూసిన ఆకాశాన్ని గురించో, చదివిన పుస్తకాన్ని గురించో, మనసులో మెదలిన తాత్త్విక సందేహాన్ని గురించో ఆ లేఖలు ముచ్చటిస్తాయి. ఆయన లేఖలు సంపుటాలుగా వెలువడి తెలుగు లేఖా సాహిత్యంలో విశిష్ట స్థానాన్ని సంపాదించుకొన్నాయి. ఉత్తరాల ద్వారా పరిచయమైనవారు ఎందరో తరువాత తుమ్మపూడిని వెదుక్కొంటూ వచ్చారు. పల్లెలో ఉంటే లోకానికి దూరమవుతామనే భయం నిరాధారమని ఆయన జీవితం నిరూపించింది.

అభిరుచికి అర్థం

అభిరుచి కోసం కళను సాధన చేసేవారిని లోకం కొంత చులకనగా చూస్తుంది. వృత్తి కళాకారులకు ఉన్న నైపుణ్యం వారికి లేదని భావిస్తుంది. కానీ కళాచరిత్ర ఈ అభిప్రాయాన్ని పూర్తిగా సమర్థించదు. విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూర్ అరవై ఏళ్లు దాటిన తరువాతనే చిత్రరచనను గంభీరంగా చేపట్టారు. ఆయన చిత్రాల తొలి ప్రదర్శన 1930లో పారిస్ నగరంలో జరిగింది. రాతప్రతులలోని కొట్టివేతలను కలుపుతూ పోగా అవి విచిత్ర జంతువులుగా, పక్షులుగా రూపొందడం ఆయన చిత్రకళకు ప్రారంభం. మన అడివి బాపిరాజు న్యాయవాదిగా, నవలాకారుడుగా ఉంటూనే చిత్రాలు వేశారు. ఈ పరంపరలో సంజీవదేవ్‌ది విలక్షణమైన స్థానం. వారికి నగర జీవితం, సంస్థల అండ, సహచరుల ప్రోత్సాహం ఉన్నాయి. సంజీవదేవ్‌కు ఉన్నది ఒక పల్లె, ఒక కుంచె, ఒక కలం.

1999 ఆగస్టు 25వ తేదీన, ఎనభై అయిదేళ్ల వయస్సులో సంజీవదేవ్ పరమపదించారు. ఆయన వెనుక గొప్ప సంస్థ ఏదీ మిగలలేదు, సంపద మిగలలేదు. చిత్రాలు, వ్యాసాలు, లేఖలు మిగిలాయి. వాటిని మించి, చూడడం ఎట్లాగో తెలిపిన ఒక జీవన విధానం మిగిలింది. ప్రతి విద్యార్థీ చిత్రకారుడు కాలేకపోవచ్చు. అందరికీ హిమాలయ యాత్ర సాధ్యపడకపోవచ్చు. కానీ కళాశాలకు వచ్చే దారిలోని చెట్టును, కాలువను, మేస్తున్న పశువును ఒక్క నిమిషం నిలబడి శ్రద్ధగా చూడడం అందరికీ సాధ్యమే. ఆ ఒక్క నిమిషంతోనే సౌందర్యయాత్ర మొదలవుతుంది. ఆ యాత్రకు ధనం గాని, పట్టా గాని అవసరం లేదని తన జీవితమే ఉదాహరణగా చూపిన సంజీవదేవ్ చిరస్మరణీయులు.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. హిమాలయ యాత్ర సంజీవదేవ్ కళాదృష్టిని ఎట్లా తీర్చిదిద్దింది?
2. తుమ్మపూడికి తిరిగి రావడం సంజీవదేవ్ జీవితంలో పరీక్ష అని ఎందుకు చెప్పవచ్చు? ఆయన దానిని ఎట్లా ఎదుర్కొన్నారు?

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. రోరిక్ చిత్రాలకూ వంగ చిత్రాలకూ గల భేదాన్ని తెలపండి.
2. అమరావతి ఫలకంలో నాళాగిరి కథను శిల్పి ఎట్లా చూపాడు?
3. లేఖలు సంజీవదేవ్‌ను లోకంతో ఎట్లా కలిపాయి?

ఏకపద, వాక్య సమాధాన ప్రశ్నలు
1. సంజీవదేవ్ ఎప్పుడు, ఎక్కడ జన్మించారు?
2. ఉరుస్వతి సంస్థను నెలకొల్పినవారు ఎవరు?
3. సంజీవదేవ్ తన చిత్రాలకు వాడిన రంగులు ఏవి?